మూట విప్పే ముందు

రండి, రండి. ఆ మూటలో ఉన్నవి నాయనమ్మగారి రూపాయలేనా? ఆగండి, ఇప్పుడే విప్పకండి. అలా బల్ల మీద పెట్టి, పెరట్లో కుళాయి ఉంది, సబ్బుతో చేతులు కడుక్కుని రండి. తువ్వాలుతో బాగా తుడుచుకోండి, గోళ్ళ సందుల్లో కూడా తడి ఉండకూడదు. మీరు వచ్చేలోపు నేను బల్ల మీద ఈ దుప్పటి నాలుగు మడతలేసి పరుస్తాను. చెయ్యి జారి పడితే మెత్తటి దాని మీద పడాలి కదా. మా ఇంట్లో నేల గచ్చు. దాని మీద పడ్డ బిళ్ళ అంచు సొట్ట పోతే తిరిగి సరిచేసేవాడు లేడు.

కూర్చోండి. చేతులు కడుక్కోమన్నందుకు ఏమీ అనుకోకండి, మా ఇంటికి ఎవరొచ్చినా ముందు కుళాయే చూపిస్తాను. కారణం ఈ నయాపైసా. చూడండి, పట్టుకోవద్దు, ముందు చూడండి. 1957 ఏప్రిల్ 1 నుంచి అణాలు పోయి రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి కదా, ఆ తొలి విడతలోది. కంచుది. చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దది, అంతే. మా మేనమామ దీన్ని ఖర్చు చెయ్యకుండా కాగితంలో చుట్టి ఏళ్ళ తరబడి దాచి, నాకు పన్నెండేళ్ళప్పుడు చేతిలో పెట్టాడు. అప్పటికీ నిప్పుకణికలా ఎర్రగా ఉంది. "అంచు పట్టుకోరా, మధ్యలో వేలు పెట్టకు" అన్నాడు. నా చేతిలో అప్పుడు జంతిక ఉంది. విన్నాను, విని కూడా ముచ్చట ఆగక బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూశాను. అంతే, ఒక్కసారి.

రెండు నెలల తర్వాత తీసి చూస్తే దాని మీద నా వేలిముద్ర తేలింది. ఈ భూతద్దం పెట్టి చూడండి. అంకె పక్కన గీతలు గీతలుగా గోధుమరంగు సుడి కనిపిస్తోందా? అది మురికి కాదు. కడిగితే పోదు. చెమటలో ఉప్పుంటుంది, జిడ్డుంటుంది, పులుపుంటుంది. నా చేతికి జంతిక ఉప్పు కూడా తోడైంది. ఆ ఉప్పు కంచును నెమ్మదిగా తిని, తిన్నచోట గుంట చేసింది. నా వేలికి ఇప్పుడు ముడతలు పడ్డాయి. పైసా మీద మాత్రం పన్నెండేళ్ళ పిల్లాడి వేలే ఉంది.

అందుకని పట్టుకునే పద్ధతి ఒక్కటే. బొటనవేలు, చూపుడువేలు, రెంటి మధ్యా అంచు. పైముఖానికీ కిందిముఖానికీ వేలు తగలకూడదు. దాని మీదికి వంగి మాట్లాడకూడదు కూడా. మాట్లాడేటప్పుడు మనకు తెలియకుండానే తుంపర పడుతుంది, అది పడ్డచోట కొన్నాళ్ళకు నల్లటి చుక్క లేస్తుంది. చూసినంతసేపు చూసి, పక్కన పెట్టి, అప్పుడు కబుర్లు. నూలు చేతితొడుగులు వాడేవాళ్ళున్నారు. నాకు వాటితో పట్టు చిక్కదు, జారుతుందని భయం. శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చెయ్యే నాకు నయం.

ఇప్పుడు దీపం కిందికి తెస్తున్నాను. కాస్త వంచి, మెల్లగా తిప్పుతాను. వేలిముద్ర లేని ఈ సగం చూడండి. వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతోంది, చూశారా? టంకశాలలో రెండు అచ్చుల మధ్య లోహపు బిళ్ళను పెట్టి ఒక్క దెబ్బ కొడితే, ఆ ఒత్తిడికి లోహం మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. పారిన దారులు కంటికి కనిపించనంత సన్నటి గీతలుగా ఉండిపోతాయి. వెలుగు వాటి మీద పడి తిరుగుతుంది. పుట్టిన క్షణంలో దానికి వచ్చిన కాంతి ఇది. ఒక్కసారి గుడ్డ పెట్టి గట్టిగా తుడిస్తే ఆ గీతలు పోతాయి. పోయాక కూడా మెరుస్తుంది, కానీ ఆ మెరుపు అంతటా ఒకేలా ఉంటుంది, తిరగదు. ఎంత డబ్బు పోసినా ఆ చక్రం మళ్ళీ రాదు.

మనవాళ్ళతో ఈ విషయం చెప్పడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. ఎందుకంటే మనది తోమే ఇల్లు. పండగ వస్తోందంటే చింతపండు నానేస్తారు, దీపపు కుందులు, రాగిచెంబులు, వెండిగిన్నెలు అరుగు మీదికి వస్తాయి, సాయంత్రానికి ఇల్లంతా తళతళలాడుతుంది. లోహం మీద మనకున్న గౌరవం అలా చూపిస్తాం. తోమని ఇత్తడి ఇంటికి అరిష్టమని పెద్దవాళ్ళు అనేవారు. ఆ చేతులకే పాత రూపాయి దొరికితే ఏం చేస్తాయి? ప్రేమతోనే తోముతాయి. నేను చూసిన పాడైపోయిన నాణేల్లో సగానికి పైగా ప్రేమతో పాడైనవే.

చెంబు మందం వేరు, దాని మీద చదవాల్సింది ఏమీ లేదు. వందసార్లు తోమినా చెంబు చెంబే. నాణెం మీద బొమ్మ ఎత్తు వెంట్రుక మందం. చింతపండు పులుపు కిలుముతోపాటు కింది లోహాన్నీ పట్టుకుపోతుంది. విభూతి, పళ్ళపొడి, ఇత్తడి తోమే పొడి, ఇవన్నీ చిన్న చిన్న రాళ్ళే. ముందుగా అరిగేది ఎత్తయిన చోటు, అంటే రాజుగారి చెంప, రాణిగారి జుట్టు.

ఇదిగో, ఇది మా తాతయ్య దాచిన హాలీ రూపాయి. ఉస్మానియా సిక్కా అని కూడా అనేవాళ్ళు. అప్పట్లో హైదరాబాద్ సంస్థానానికి సొంత నాణేలు ఉండేవి కదా, ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి. బరువు 11 గ్రాముల పైచిలుకు. వెండి నూటికి 82 పాళ్ళ దాకా, మిగతాది కలిపిన లోహం. మధ్యలో చార్మినార్. పైన 92 అంకె ఉంది, ఉర్దూ అంకెల్లో. అక్షరాలకు అంకెల విలువ కట్టే లెక్కలో ముహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం అది. ఇప్పుడు భూతద్దం తీసుకుని చార్మినార్ కమాను లోపల చూడండి. ద్వారంలో చిన్న అక్షరం, కొడవలిలా వంగి ఉంది. 'ఐన్' అక్షరం, నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటిది. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటి రూపాయిలో అదే చోట 'మీమ్' ఉంటుంది. తండ్రి నాణెమో కొడుకు నాణెమో ఒక్క చూపులో చెప్పే గుర్తు ఆ ద్వారంలో నువ్వుగింజలో సగం ఉన్న అక్షరం. మా పిన్ని దగ్గర ఇలాంటివే మూడు ఉండేవి. ఏటా దీపావళికి తోమేది. మూడింటిలోనూ ఆ ద్వారం ఖాళీ. చార్మినార్ ఉంది, లోపల ఎవరూ లేరు.

నా దగ్గరున్న ఈ రూపాయి నల్లబడింది, నిజమే. ఆ నలుపు నాకిష్టం. గాలిలో ఉండే గంధకం వెండితో కలిసి కట్టే పలుచటి పొర అది. ముందు లేత పసుపు, తర్వాత ఎర్రటి ఛాయ, ఆపైన నీలం, చివరకు నలుపు. ఈ అంచు దగ్గర నెమలిఈక రంగు ఉంది చూడండి. సేకరించేవాళ్ళు ఈ రంగు కోసం ఎక్కువ ధర పెట్టి కొంటారు. తోమించి తీసుకెళితే బేరం సగానికి పడిపోతుంది. ధర మాట పక్కన పెట్టినా, ఆ రంగు రావడానికి డెబ్బై ఎనభై ఏళ్ళు పట్టింది, తీసెయ్యడానికి రెండు నిమిషాలు చాలు.

మరి పూజలో పెట్టే రూపాయలో, అంటారు. వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టేవి, పాలతో అభిషేకం చేసేవి, పసుపు కుంకుమ అద్దేవి. వాటి జోలికి నేను రాను. పూజలో ఉన్న రూపాయిని పూజలోనే ఉంచండి. అలా నాలుగు తరాలుగా కుంకుమ అద్దుకున్న విక్టోరియా రూపాయి ఒకటి మా అక్కయ్య ఇంట్లో ఉంది, రాణిగారి ముఖం గుర్తుపట్టలేం, అయినా దాన్ని చూస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. దానికి ఆ బతుకు ఒకరు ఇచ్చారు. కొత్తగా ఇంకో మంచి నాణేన్ని తీసుకెళ్ళి ఆ పళ్ళెంలో పెట్టకండి, అంతే నేను అడిగేది. కాసులపేరు మాటా ఇదే. వెనక కొక్కెం అతికిన కాసును విడదీసి సేకరణలో పెడదామని కొందరు చూస్తారు. వేడికి రంగు మారుతుంది, అతుకు మచ్చ పోదు. పేరును పేరుగానే ఉంచాలి.

ఆ నలుపు కాకుండా నిజంగా దుమ్మో మట్టో పట్టి ఉంటే? ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది కదా, గాజుగిన్నెలో అది పోసి ఒక పూట నానబెట్టండి. తీసి, మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి పైన అద్దండి. రుద్దకండి. అద్దడం వేరు, రుద్దడం వేరు. అంతకు మించి నేను ఏదీ చెయ్యను, ఒక్క సందర్భంలో తప్ప.

ఆ సందర్భం చెబుతాను, అది నా తప్పే. పాతికేళ్ళ కిందట ఒక స్టేషనరీ దుకాణంలో మెత్తటి ప్లాస్టిక్ జేబుల ఆల్బం కొన్నాను. పుస్తకంలా తిప్పి చూడొచ్చు, వచ్చినవాళ్ళకు చూపించొచ్చు, ఎంత సంబరమో. అణాలు, బేడలు, పావలాలు వరసగా సర్దేశాను. కొన్నాళ్ళు వేరే ఊళ్ళో ఉద్యోగం, ఆల్బం బీరువాలోనే ఉండిపోయింది. ఆరేళ్ళ తర్వాత తెరిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. లాగితే చప్పుడు చేస్తూ విడిపోయాయి. ఐదో జార్జి కాలం పావు అణాల మీద పచ్చటి జిగురు, ఉమ్మెత్తాకు పసరులా. ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. వెండి పావలాల మీద కూడా పలచగా అదే.

ఆ మెత్తటి ప్లాస్టిక్ పి.వి.సి. అది మెత్తగా ఉండాలని కలిపే నూనెలాంటి పదార్థం వేడికి బయటికి కారుతుంది. ప్లాస్టిక్ పాతబడేకొద్దీ అందులోని క్లోరిన్ ఆమ్లంగా మారి రాగిని కాలుస్తుంది. మన ఎండాకాలం ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. అప్పుడు వాడాను అసిటోన్. మందుల దుకాణంలో, ల్యాబ్ సామాన్ల దుకాణంలో దొరికే శుద్ధమైన అసిటోన్, గోళ్ళరంగు తీసేది కాదు, దాన్లో నూనెలూ సువాసనలూ కలుపుతారు. గాజుగిన్నెలో పోసి, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పెట్టి, నాణేల్ని ఒక్కొక్కటే నానబెట్టాను. అసిటోన్ ఆ జిగురును కరిగిస్తుంది, లోహాన్ని ముట్టదు. రెండుసార్లు కొత్తది పోసి మార్చాను. పచ్చదనమంతా పోయింది. పావలాలు బతికాయి. పావు అణాల్లో నాలుగింటికి జిగురు కింద చర్మం సన్నటి గుంటలు పడి ఉంది, మశూచి మచ్చల్లా. వాటిని పారెయ్యలేదు. ఇదిగో, ఈ డబ్బాలో ఉన్నాయి.

అప్పటినుంచి ఏ కవరు కొన్నా ముందు వాసన చూస్తాను. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే వద్దు. ఇంకా అనుమానముంటే రాగితీగ పరీక్ష ఉంది. తీగను పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చి, ఆ కవరు ముక్కకు ఆనించి, మళ్ళీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వెలిగిందా, అందులో క్లోరిన్ ఉన్నట్టు. కిటికీ తెరిచే చెయ్యండి, ఆ పొగ పీల్చకండి. పచ్చ రాకపోతే మంచిదే. గలగలమని గట్టిగా చప్పుడు చేసే మైలార్ రేకు ఉన్న అట్టలు మంచివి, నాణేల వ్యాపారులు 'టూ బై టూ' అంటారు. గట్టి ప్లాస్టిక్ గుండ్రటి డబ్బీలూ మంచివే. అట్టలకు వేసే స్టేప్లర్ పిన్ను విషయంలో మాత్రం జాగ్రత్త. నాణెం బయటికి తీసేముందు పిన్నులన్నీ ఊడదీసి అప్పుడు అట్ట విప్పాలి. తొందరపడి పక్కనుంచి లాగితే రాజుగారి ముఖం మీద పిన్ను గీత పడుతుంది.

నాణెం మీద నాణెం పొయ్యొద్దు. సంచిలో గలగల చప్పుడు మనకు ముద్దు, ఆ ప్రతి గలగలా ఒక చిన్న సొట్టే. చిల్లుకాణీలు కూడా అంతే. యుద్ధకాలంలో లోహం ఆదా చెయ్యడానికి 1943 నుంచి 1947 దాకా మధ్యలో చిల్లు పెట్టి కొట్టిన కంచు కాణీలవి, దారానికి గుచ్చి వేలాడదీస్తారు చాలా ఇళ్ళలో. నూలుదారం చెమ్మ పీలుస్తుంది, చిల్లు చుట్టూ కిలుము కడుతుంది. తీసెయ్యండి ఆ దారాలు.

ఇక గాలి. మా బావగారిది కాకినాడ. ఇంట్లో కూర్చుంటే సముద్రం కనపడదు, కానీ గాలిలో ఉంటుంది. ఆయన రాగి నాణేల మీద లేతపచ్చ పొడి లేచింది. గీకి చూస్తే సుద్దలా రాలుతోంది. మామూలు కిలుము గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటుంది, దాంతో ఫరవాలేదు, అది కవచం లాంటిది. రాలే పొడి మాత్రం రోగం. ఉప్పులోని క్లోరైడు లోపల దూరి, చెమ్మ అందినప్పుడల్లా లోహాన్ని తింటూ పోతుంది. అలాంటిది కనిపిస్తే వెంటనే వేరుచెయ్యండి, పొడిగా ఉంచండి. చెమ్మ లేకపోతే అది ఆగుతుంది. బావగారి డబ్బాలో ఇప్పుడు సిలికా జెల్ పొట్లాలు ఉంటాయి, రంగు మారగానే అక్కయ్య వాటిని వేడిచేసి మళ్ళీ పెడుతుంది. వానాకాలంలో బయటిగోడకు ఆనించిన బీరువా లోపల ఎంత చెమ్మ ఉంటుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. దాన్ని లోపలి గోడ వైపుకు జరపండి. బట్టల మధ్య వేసే కలరా ఉండలు నాణేలున్న అరలో వద్దు. ఉన్నిగుడ్డ వద్దు, ఉన్నిలో గంధకం ఉంటుంది. వార్తాపత్రిక వద్దు. నగల దుకాణం వాళ్ళ గులాబీరంగు కాగితం తడి తగిలితే రంగు దిగుతుంది, అదీ వద్దు.

సీసం సంగతి విడిగా చెప్పాలి. మన నేలకు సంబంధించిన పాత నాణేల్లో సీసంవి చాలా ఉన్నాయి. శాతవాహనులు సీసంతో ఎక్కువగా కొట్టించారు. గోదావరి ఒడ్డున, జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికినవాటిలో శిముకుడి పేరున్నవి ఉన్నాయి, ఆయన్ని శాతవాహనుల మూలపురుషుడిగా చెబుతారు. సీసానికి గిట్టనిది చెక్క. ఆశ్చర్యంగా ఉంది కదా. చెక్కలోంచి, అట్టలోంచి, కొన్ని జిగుర్లలోంచి సన్నగా వినెగర్ లాంటి పులుపు ఆవిరి వస్తూనే ఉంటుంది. మన ముక్కుకు తెలియదు, సీసానికి తెలుస్తుంది. తెల్లటి పొడిగా మారిపోతుంది. రెండువేల ఏళ్ళు మట్టిలో నిలిచినది అందమైన చెక్కపెట్టెలో కొన్నేళ్ళకే పిండైపోగలదు. సీసం ముట్టుకున్నాక కూడా చేతులు కడుక్కోవాలి, ఈసారి మన కోసం, అది విషం.

ఎక్కడైనా పునాది తవ్వుతుంటే లంకెబిందె దొరికిందని విన్నారనుకోండి, అందులోవాటిని మన సేకరణ అనుకోకూడదు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిక్షేపం ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. చట్టం మాట అటుంచి, ఆ మట్టితో సహా ఉన్నదున్నట్టు అప్పగించమని చెప్పండి. కుండలో ఏది కింద, ఏది పైన ఉందో కూడా చదువుకున్నవాళ్ళకు చరిత్రే. ఇంట్లో నీళ్ళు పోసి కడిగితే ఆ పేజీ చిరిగిపోయినట్టు. అలాంటివి చూడాలనుంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం ఉంది. నాణేలు ఎలా పుట్టేవో చూడాలంటే సైఫాబాద్ పాత టంకశాలకు వెళ్ళండి. 1903లో కట్టినది, 1997లో పని చర్లపల్లికి తరలిపోయింది, 2022లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. పిల్లల్ని తీసుకెళ్ళండి.

సరే, ఇప్పుడు మీ మూట విప్పుదాం. మెల్లగా. గుడ్డ, లోపల పేపరు, లోపల... ఐదు రూపాయలు దొంతరగా, చుట్టూ రబ్బరు బ్యాండు. పైది విక్టోరియా, 1862. వెండి 12 పాళ్ళలో 11, సరిగ్గా తులం తూగుతుంది. చూడండి, అంచు చుట్టూ రబ్బరు ఆనినచోట నల్లటి పట్టీ. రబ్బరును గట్టిపరిచేది గంధకంతోనే, అది వెండికి ఇచ్చేసింది. వద్దు, వద్దు, చీరకొంగుతో తుడవకండి! అది అలాగే ఉండనివ్వండి. దానివల్ల ఇంక పెరగదు, మనం ఆ బ్యాండు తీసేశాం కదా.

నాలుగోది చూశారా, దీపం కింద చక్రం తిరుగుతోంది. నాయనమ్మగారు దీన్ని ఎప్పుడూ తోమలేదు.

ఇదిగో ఐదు అట్టలు. ఒక్కొక్కటి విడిగా పెడదాం. అట్ట వెనక పెన్సిల్‌తో రాయండి: ఎవరిది, ఎవరిచ్చారు, ఏ సందర్భంలో. నాయనమ్మగారికి ఇప్పుడు ఎన్నేళ్ళు? ఎనభై ఏడా. అయితే ఈ రాత్రికే ఫోన్ చేసి అడగండి, పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చినవా, ధాన్యం అమ్మితే వచ్చినవా అని. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి.

రబ్బరు బ్యాండు ఇటివ్వండి. ఇది ఇక్కడే ఉండనివ్వండి.